ఓపిక లేని పాలు

ఏమర్రా, ఇలా అరుగు మీదికి రండి. మిరపకాయకీ పాలకీ తేడా ఏమిటో చెప్పండి చూద్దాం. రంగు కాదు, కారమూ కాదు. మిరపకాయ ఆగుతుంది, పాలు ఆగవు. కల్లంలో ఎండిన కాయలో తేమ పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. తడి లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. అందుకే గుంటూరు యార్డులో రేటు నచ్చకపోతే మీ నాన్న మిరప బస్తాలు, అదే టిక్కీలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తాడు. పత్తయినా అంతే, గదినిండా పోసి తలుపేస్తే సరి.

పాలు చూడండి. నూటికి ఎనభై పైచిలుకు నీళ్ళే. అందులో కాస్త తీపి, కాస్త మాంసకృత్తులు, పితికినప్పటి గోరువెచ్చదనం. సూక్ష్మజీవికి అంతకంటే ఏం కావాలి? వేడిగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుందనుకోండి. గంటకి ఎనిమిది. ఐదు గంటలకి ఎంతవుతాయో లెక్కేయండి... వేళ్ళు చాలవురా, నేనే చెబుతా: 32,768! అదీ ఒక్కదానితో మొదలుపెడితే. అవన్నీ పాలలోని తీపిని తిని పులుపు చేస్తాయి, పాలు విరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆగలేని సరుకు అమ్మేవాడికి బేరమాడే బలం ఉండదు. పాలవ్యాపారి గేదె కొనుక్కోమని అడ్వాన్సు ఇస్తాడు, పాలు తనకే పొయ్యమంటాడు, తను చెప్పిందే రేటంటాడు. కాదంటే సాయంత్రానికి బిందెడు పాలు ఏం చేసుకుంటాం? గుజరాత్‌లో ఖేడా రైతులకీ ఇదే బాధ. పోల్సన్ కంపెనీకే పాలు పొయ్యాలి, అది ఇచ్చిందే పుచ్చుకోవాలి. సర్దార్ పటేల్ సలహా విని వాళ్ళు కొన్నాళ్ళు పాలు పొయ్యడమే మానేశారు. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగాడు. 1946లో సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత అమూల్ అయింది.

ఆ గాలి మనదాకా రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1977లో గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ఏర్పడింది. గుంటూరు నుంచి తెనాలి పోతుంటే వడ్లమూడి దగ్గర కనిపిస్తుందే, సంగం డెయిరీ, అదే. రాష్ట్రంలో 1995లో వచ్చిన చట్టంతో అది సర్కారు చేతి కింద నుంచి బయటికొచ్చి, 2013లో రైతుల వాటాలతో ఉత్పత్తిదారుల కంపెనీగా మారింది. ఈ చట్టాల గొడవ మీకెందుకుగానీ, ఒక్కటి గుర్తుంచుకోండి: ఒక్క గేదె ఉన్నామెకీ ఒకటే ఓటు, పది గేదెలున్నాయనకీ ఒకటే ఓటు.

మరి పాలకేంద్రంలో ఏం చేస్తారు? లాక్టోమీటరని పాలలో తేలే ఒక గాజుబుడ్డి ఉంటుంది. నీళ్ళు కలిపితే పాలు పలచబడి అది లోతుకి దిగుతుంది, దొంగతనం బయటపడుతుంది. మరి తెలివైనవాడు ఏం చేసేవాడో తెలుసా? ముందు మీగడ తీసేసేవాడు. మీగడ తేలికగదా, అది పోతే మిగిలిన పాలు బరువెక్కి బుడ్డి పైకి లేస్తుంది. అప్పుడు నీళ్ళు కలిపితే బుడ్డి సరిగ్గా మొదటి గీత దగ్గరికే వస్తుంది! రెండు మోసాలు కలిస్తే నిజాయితీ అయిపోయిందన్నమాట. నాకు భలే ముచ్చటేస్తుందిరా ఈ కిటుకు తలుచుకుంటే, తప్పేననుకోండి.

దాన్ని పట్టేసినవాడు స్విట్జర్లాండు ఆయన గెర్బర్. పాలలో గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మాంసకృత్తులన్నీ కరిగిపోతాయి, వెన్న మాత్రం కరగదు. గొట్టాన్ని గిరగిరా తిప్పితే వెన్న మెడలోకి చేరుతుంది, గీతలు చూసి ఎంతో చదువుకోవడమే. ఇప్పుడు ఆ పని మిషను నిమిషంలో చేసి చీటీ చేతిలో పెడుతోంది. గేదెపాలలో వెన్న ఆరేడు శాతం, ఆవుపాలలో నాలుగుకి అటూ ఇటూ. ఆ అంకెని బట్టే డబ్బు. రైతుకి సంఘం చేసే మొదటి మేలు ఆ చీటీయేనని నా లెక్క. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకే అంకె చూస్తే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

తర్వాత పాలు నాలుగు డిగ్రీలకి చల్లబడతాయి. అంత చలికి సూక్ష్మజీవులు చావవు, పుష్యమాసంలో బడికి లేవమంటే దుప్పటి ముసుగుతన్నిన మీలాగా పడుకుంటాయంతే. చంపే పని ఫ్యాక్టరీలో: 72 డిగ్రీల వేడిలో పదిహేను సెకన్లు.

ఇంకో చిక్కుంది. గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం దాకా ఈనుతాయి. సంక్రాంతికి పాలు వరద, రోహిణికి కరువు. వరదప్పుడు వ్యాపారి చెయ్యి ఊపేస్తాడు, సంఘం అలా అనకూడదు. ఆ మిగులుని ఏం చెయ్యాలి? పొడి చెయ్యాలి. పాలని తుంపరగా వేడిగాలిలోకి చిమ్మితే చుక్క కింద పడేలోపే ఎండిపోతుంది. గేదెపాలతో పొడి కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారట. 1955లో అమూల్ వాళ్ళ ఆనంద్‌లో దలాయా అనే ఇంజనీరు కుదిరించి చూపించాడు. దాంతో పాలకి కూడా ఓపిక వచ్చింది.

అలాగని బోర్డు మీద సహకారం అని రాసుంటే సరిపోదర్రా. పక్క ప్రకాశంలో ఒంగోలు డెయిరీ కూడా రైతులదే, నష్టాల్లో పడి చతికిలబడింది. 2020 చివర్లో అమూల్ వచ్చి అక్కడ పాలు పట్టడం మొదలుపెట్టింది.

మనవైపు పాల డబ్బుకి ఇంత విలువ ఎందుకంటే, మిరపకి మందులు, కూలీలు అంటూ ఏడాదంతా చేతి నుంచి పోవడమే, రావడం ఒక్కసారి. పాలబిల్లు పది పదిహేను రోజులకోసారి వస్తుంది. కిరాణా కొట్టు, బడి ఫీజు దాని మీదే. పైగా సంఘం నుంచి దాణా, గేదె కట్టకపోతే సూదులు, పశువుల డాక్టరు, లాభమొస్తే పోసిన పాలని బట్టి బోనసు.

దాణా అంటే గుర్తొచ్చింది. పత్తి గింజల నూనె తీశాక మిగిలే పత్తిచెక్క గేదెకి మంచి బలం. ఆ గింజలో గాసిపాల్ అనే విషం ఉంటుంది. పెద్ద గేదె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు కట్టిపడేస్తాయి. పాలు తాగే దూడకి ఆ పొట్ట ఇంకా తయారవదు, అందుకని దానికి పెట్టకూడదు. కోడికి అసలే లేదు. తిందంటే, గుడ్డు కొన్నాళ్ళు నిలవుంచాక పచ్చసొన ఆకుపచ్చగా తిరిగే ప్రమాదం ఉంది. మీ నానమ్మ చెక్క బస్తా మూతి కట్టమని పొద్దస్తమానం కేకలేసేది ఊరికే కాదు.