మనోవ్యాధికి మందు, మనుషుల తోడు

శరీరానికి జబ్బు చేస్తే వైద్యుని ఆశ్రయించే మనిషి, మనస్సుకు జబ్బు చేసినప్పుడు తరచుగా గుడికో, దర్గాకో వెళతాడు. ప్రాంతభేదం గాని, మతభేదం గాని లేకుండా మన దేశమంతటా కానవచ్చే ఆచారమిది. దీనిని మూఢవిశ్వాసమని కొట్టిపారవేయడం సులభం. అక్కడ రోగికి నిజంగా లభిస్తున్నదేమిటో తెలుసుకోవడం అంతకంటె అవసరం.

తమిళనాడులోని వేలాయుధంపాలయంపుదూరులో ముత్తుస్వామి ఆలయం ఉంది. మనోవ్యాధిగ్రస్తులను వెంటబెట్టుకొని కుటుంబాలు అక్కడకు వచ్చి కొన్ని వారాలు ఉండడం పరిపాటి. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు, ఇతర పరిశోధకులతో కలిసి 2000వ సంవత్సరంలో అక్కడ 31 మంది రోగులను పరిశీలించారు. వీరిలో అధికసంఖ్యాకులు స్కిజోఫ్రీనియా అనే తీవ్ర రుగ్మతకు గురైనవారు. వీరు సగటున ఆరు వారాలు ఆలయంలో గడిపారు. ఆ కాలంలో మందులు ఇవ్వలేదు. చికిత్స పేరుతో ప్రత్యేకమైన తంతులూ జరపలేదు. ఉదయం కొద్దిసేపు పూజ, ప్రాంగణాన్ని శుభ్రపరచడం, మొక్కలకు నీరు పోయడం వంటి తేలిక పనులు - ఇదే దినచర్య. బస ఉచితం. రోగి వెంట ఇంటివారొకరు విధిగా ఉండాలి. తిరిగి వెళ్ళేనాటికి రోగలక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గినట్లు 2002లో ప్రచురితమైన ఆ అధ్యయనం వెల్లడించింది.

పరిశీలించిన రోగుల సంఖ్య స్వల్పం. పోల్చి చూడడానికి మరొక బృందమూ లేదు. కనుక ఔషధాలు అనవసరమని దీనినిబట్టి నిర్ణయించరాదు. అయితే ఆదరణ, క్రమబద్ధమైన జీవనం, చేతికి పని, అయినవారి సాన్నిధ్యం రోగికి మేలు చేస్తాయన్న విషయం ఆసుపత్రులలో సైతం అనుభవానికి వచ్చింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబాలకూ వసతి కల్పించారు. రోగులు త్వరగా కోలుకోవడమే కాక, వ్యాధిని గురించిన భయం తొలగిన బంధువులు వారిని తిరిగి ఇంటికి తీసుకొనిపోయారు.

ఈ ఆదరణ లోపించినచోట విశ్వాసం రోగిని కాపాడలేదు. తమిళనాడులోనే ఏర్వాడి దర్గా పరిసరాలలో ప్రైవేటు వ్యక్తులు ఆశ్రమాలు నెలకొల్పి రోగులను గొలుసులతో బంధించేవారు. 2001 ఆగస్టు 6న అట్టి ఒక ఆశ్రమంలో మంటలు చెలరేగగా, కట్లు విడిపించుకొనలేక రోగులు ఆహుతైనారు. మృతుల సంఖ్య 28కి చేరింది. మానసిక రోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

విశ్వాసాన్నీ వైద్యాన్నీ సమన్వయపరచే మార్గమొకటి గుజరాత్‌లో రూపొందింది. మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో 'దవా-దువా' కార్యక్రమం ఆరంభమైంది. దవా అంటే మందు, దువా అంటే ప్రార్థన. దర్గాను సేవించే ముజావర్లు మానసిక రోగ లక్షణాలను గుర్తించడంలో శిక్షణ పొందారు. వారు ప్రార్థన జరిపి, అనంతరం రోగిని దర్గాలోనే ఉన్న వైద్యుని వద్దకు పంపుతారు. వైద్యుని మాట వినడానికి సంకోచించే కుటుంబం, తాను నమ్మిన ముజావరు చెబితే మందు పుచ్చుకొనడానికి అంగీకరిస్తుంది.

మనోవ్యాధి మనిషిని మొదట తోటివారి నుండి వేరుచేస్తుంది. ఆ ఒంటరితనాన్ని పోగొట్టే శక్తి మన సంప్రదాయాలకు ఉంది. వ్యాధిని కుదిర్చే విద్య వైద్యశాస్త్రానికి ఉంది. రోగికి ఈ రెండూ అవసరమే.