జబ్బు రోజుల్లో కృతజ్ఞత అంటే ఏమిటి?

ఇంట్లో ఒకరు మంచాన పడితే అందరి రోజులూ తారుమారవుతాయి. రిపోర్టులో ఏమొస్తుంది, ఖర్చు ఎంతవుతుంది, నాన్నగారు మళ్లీ మాడ వీధుల్లో నడవగలరా అన్న ప్రశ్నలే మిగులుతాయి. అలాంటప్పుడు చూడవచ్చినవారు "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎందరో, దేవుడికి దణ్ణం పెట్టుకో" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ రోగికి అది "నీ బాధ చెప్పుకోకు" అన్నట్టు వినిపిస్తుంది.

కృతజ్ఞత అంటే నొప్పి లేదనుకోవడం కాదు. నొప్పి పక్కనే ఇంకేముందో కూడా చూడగలగడం. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, నరాలు, కండరాల జబ్బులున్న కొందరు 21 రోజుల పాటు తమకు అందిన మేళ్లను రోజూ రాసుకున్నారు. రాయనివారికంటే వీరి మనసు తేలికగా ఉంది, నిద్ర మెరుగైంది. అంతమాత్రాన జబ్బు తగ్గిపోదు. మందు మందే, ఇది మనసుకు తోడు.

రాసేటప్పుడు "అంతా బాగుంది" అని రాస్తే ప్రయోజనం లేదు. ఫలానా అని రాయాలి: రాత్రి రెండింటికి వచ్చి చూసిన నర్సు, చారు కాచి పంపిన ఎదురింటి మామి, చేయి పట్టుకుని మెట్లు ఎక్కించిన ఆటో డ్రైవరు. రాసే ఓపిక లేకపోతే పడుకునే ముందు ఇంట్లోవారితో ఒక మాట చెప్పుకున్నా చాలు. ఏమీ తోచని రోజు వదిలేయవచ్చు, తప్పు లేదు.

మనకు సాయపడే చేతుల్లో మనం ఎన్నడూ చూడనివీ ఉంటాయి. కోలుకుంటున్నవారు పొద్దున్నే నాలుగడుగులు వేసే లజ్ పార్కుకు, అమృతాంజనం తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మగారు స్వాతంత్ర్య పోరాటంలో మదురై జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు, ఆరోగ్యం దెబ్బతింది. బయటికొచ్చాక ఆగిన చదువు మళ్లీ అందుకుని, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. ఆ సభ తరువాత అడయారులో ఆసుపత్రిని, పోలియో పిల్లలకు చికిత్సా కేంద్రాన్ని నడిపింది. ఆమె పడ్డ కష్టం మంచిదని ఎవరూ అనరు. కానీ కష్టకాలంతోనే ఒకరి కథ ముగిసిపోదని ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది.

ఇంత చేసినా దిగులు తగ్గకపోవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుతో చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది రోగికే కాదు, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే కోడలికి, కొడుక్కి కూడా.

ఇక పలకరించడానికి వెళ్లే మనం ఒకటి గుర్తుంచుకుందాం. "ఓర్చుకో" అనేకంటే "రేపు పొద్దున ఆసుపత్రికి నేను తోడొస్తాను" అందాం. కృతజ్ఞత చూపమని రోగిని అడగనక్కరలేదు, దానికి ఒక కారణం మనమే కావచ్చు.