వలస కుర్రవాడి నవల – పాఠకుల స్పందన

"పాఠకులకు నచ్చింది", "పాఠకులకు నచ్చలేదు" అనే రెండు మాటలతో మన సమీక్షలు చాలావరకు ముగిసిపోతున్నాయి. ఆ పాఠకులు ఎవరు, ఎక్కడ నిలబడి చదివారు, ఏ పుట దగ్గర నవ్వారు, ఏ పుట దగ్గర నవ్వు ఆగిపోయింది అని మనం అడగడం తక్కువ. సొంతవూరు విడిచి పరాయిచోట పెరిగి పెద్దయ్యే పిల్లల కథ చెప్పే నవలల విషయంలో ఈ ప్రశ్నలు మరింత అవసరం. అటువంటి నవలను వెళ్ళినవాడు ఒకలా చదువుతాడు. సాగనంపినవాడు ఒకలా చదువుతాడు. వెళ్ళలేకపోయినవాడు మరొకలా చదువుతాడు.

మనకు బాగా పరిచయమైన నవలనే తీసుకుందాం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా, బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరతాడు. రైలూ, చెన్నపట్నం, ఓడ, తెలియక కొన్న ఆడవాళ్ళ టోపీ – ప్రతిచోటా నవ్వులపాలవుతాడు. 1940లో ఈ కథ సినిమాగా కూడా వచ్చింది. తెలుగు పాఠకులు దీన్ని హాస్యనవలగానే తలకెత్తుకున్నారు. తర్వాతి భాగాలలో చదువూ, తిరిగి రావడమూ, వివాహమూ, స్వాతంత్ర్యోద్యమమూ వున్నా, చాలామందికి గుర్తుండేది మొదటి భాగంలోని నవ్వే.

ఈమధ్య చీరాలలో కొందరు డిగ్రీ విద్యార్థులతో కలిసి ఆ మొదటి భాగం చదివాను. అమెరికాలో ఎమ్మెస్ చదువుకు ప్రయత్నిస్తున్న ఒక కుర్రవాడు "ఇది నా కథే సార్" అన్నాడు. మరొకడు, "ఇప్పుడు అన్నీ ఫోనులో చూసుకుని వెళ్తున్నారు, దీనికి కాలం చెల్లింది" అన్నాడు. టోపీ దగ్గర అందరూ నవ్వారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆమెది మగ్గం మీద బతికే కుటుంబం. ఆమె అన్న పదహారో ఏట హైదరాబాదులో ఒక హోటల్లో పనికి చేరాడు. "మా అన్న మొదటిరోజు లిఫ్టు ఎక్కడానికి భయపడ్డాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారంట సార్. మా ఇంట్లో మాత్రం ఆ మాటకి ఎవరికీ నవ్వు రాలేదు" అన్నది.

ఈ మూడు స్పందనలలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఏ ఒక్కటీ తనంతట తాను విమర్శ కాదు. "ఇది నా కథే" అన్నవాడు తనలోని బెదురును పార్వతీశంలో చూసుకున్నాడు. ఆ బెదురు నిజమే. కాని ఓడ టిక్కెట్టు కొనగల స్థోమత ఏ ఇంటికి వుంటుంది, ఇవాళ విమానం టిక్కెట్టుకూ ఫీజులకూ ఏ పొలం తాకట్టుకు పోతుంది అన్న ప్రశ్నను ఆ పోలిక కప్పేస్తుంది. "కాలం చెల్లింది" అన్నవాడు రైలునూ టోపీనీ చూశాడు గాని, తెలియనిచోట తనను తాను తక్కువగా చూసుకునే మనసును చూడలేదు. అది ఫోను వచ్చినంతమాత్రాన పోయేది కాదు.

నవ్వని అమ్మాయి మాటే మనల్ని నవల నిర్మాణం దగ్గరికి తీసుకుపోతుంది. పార్వతీశం తన కథను తానే చెబుతాడు. చెప్పే నాటికి అతడు బారిస్టరు. ఒకప్పటి తన అమాయకత్వాన్ని చూసి తానే నవ్వుతూ మనల్నీ నవ్విస్తాడు. కనుక ఆ నవ్వు అతన్ని చిన్నబుచ్చదు. ఎదిగినవాడు ఎదగని తనను తలచుకునే తీరు అది. లిఫ్టు దగ్గర భయపడిన కుర్రవాడి కథను మాత్రం ఇతరులు చెబుతున్నారు. సంఘటనలో పోలిక వున్నా, కథ చెప్పే హక్కు ఎవరి చేతిలో వుందన్నది వేరు. ఈ తేడాను పట్టుకున్నది విమర్శకుడు కాదు, పాఠకురాలు.

ఈ నవలను చీరాలలో చదవడానికి మరో కారణం కూడా వుంది. నవలలో పార్వతీశం చదువుకున్నది ఎడింబరోలో. నిజజీవితంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎమ్మే చదివినదీ అక్కడే. ఆయన తిరిగి వచ్చి, మునిసిపాలిటీ పన్నుల భారాన్ని ఎదిరించిన చీరాల–పేరాల ప్రజలకు నాయకత్వం వహించారు. 1921లో పదమూడువేల మందికి పైగా జనం ఇళ్ళు విడిచి, వూరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపారు. అదీ వలసే. ఒకడు పైకి రావడానికి చేసిన వలస కాదది, ఒక వూరంతా తలవంచనని చేసిన వలస. ఆ పాకల్లో పదిహేనేళ్ళ పిల్లలు కూడా వుండివుంటారు. మూడేళ్ళకు పార్వతీశం వచ్చి తెలుగుదేశాన్ని నవ్వించాడు. రామనగర్ పిల్లల మనసు చెప్పే నవల మాత్రం పార్వతీశంలా ఇంటింటి పుస్తకం కాలేదు.

పాఠకుల మాట వినకపోతే అభ్యుదయ విమర్శ ఎంత పొరబడగలదో చెప్పడానికి ఒక అమెరికన్ ఉదాహరణ వుంది. హెన్రీ రాత్ నవల 'కాల్ ఇట్ స్లీప్' 1934లో వెలువడింది. న్యూయార్క్ మురికివాడలో పెరిగే వలస యూదు పిల్లవాడి కథ. రచయిత స్వయంగా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. అయినా వామపక్ష పత్రిక 'న్యూ మాసెస్' 1935లో ఈ నవలను తోసిపుచ్చింది. శ్రామిక జీవితం నుంచి వచ్చిన రచయిత తన అనుభవాన్ని అంతర్ముఖ చిత్రణకు వృథా చేశాడన్నది దాని ఆక్షేపణ. వెంటనే ఆ పత్రికకే నిరసనలు వచ్చాయి. పిల్లవాడి భయంలోనే పేదరికం వుందని గుర్తించినవారు అప్పుడే వున్నారన్నమాట. నవల మరుగునపడింది. 1964లో చౌక ప్రతిగా వచ్చినప్పుడు లక్షల సంఖ్యలో చదివారు. రాత్ రెండో నవల వెలువడింది 1994లో. ఈ అరవై ఏళ్ళ మౌనానికి ఒక్క సమీక్షే కారణమనడం తప్పు. కాని ఆనాటి విమర్శ తన ముందున్న పుస్తకాన్ని చూడకుండా, తాను కోరుకున్న పుస్తకం కోసం వెతికిందన్నది నిజం.

దీన్నిబట్టి పాఠకుడు చెప్పిందే తీర్పు అని కాదు. పాఠకుడి స్పందన సాక్ష్యం మాత్రమే. సాక్ష్యాన్ని కొట్టివేయకూడదు, ప్రశ్నించకుండా ఒప్పుకోనూ కూడదు. ఝంపా లాహిరి 'నేమ్‌సేక్' (2003)లో అమెరికాలో పుట్టిన కొడుకు తన పేరుతోనే పేచీ పడతాడు. కలకత్తా విడిచివచ్చిన తల్లి ఒంటరితనంతో పేచీ పడుతుంది. కొడుకు వయసువాడు పేరు దగ్గర ఆగుతాడు. పిల్లల్ని విదేశాలకు పంపిన తల్లి, వంటింట్లో ఒంటరిగా నిలబడిన ఆషిమా దగ్గర ఆగుతుంది. ఎవరు ఎక్కడ ఆగారో రాసిపెట్టుకుంటే, నవల లోతూ తెలుస్తుంది, మన సమాజం తీరూ తెలుస్తుంది.

ఇక మన ఎదుటనే వున్న మాట. వలస అనగానే మనవాళ్ళకు అమెరికా గుర్తొస్తుంది. ఏటా మిరప కోతలకూ పత్తి తీతకూ కర్నూలు పడమటి పల్లెల నుంచి కుటుంబాలు ఈ గుంటూరు, ప్రకాశం నేలకు వస్తున్నాయి. వాళ్ళు దీన్ని 'సుగ్గి' అంటారు. బడి మానేసి తల్లిదండ్రుల వెంట వచ్చే పిల్లలు మన చేల గట్లమీద, గుడారాల్లో పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళ యాస విని నవ్వేది మనమే. వాళ్ళకు మన వూరే పరదేశం. ఈ కథలో మనం పార్వతీశం కాదు, అతన్ని చూసి నవ్విన ఓడ ప్రయాణికులం.

ఆ పిల్లల్లో ఒకరు ఎదిగి, తన కథను తానే చెప్పి, తనను చూసి తానే నవ్వగలిగిననాడు తెలుగులో అసలైన వలస నవల వస్తుంది. అంతవరకు రచయితలు రాయకుండా వుండాలని కాదు. రాసినదాన్ని ముందు ఆ గుడారాల దగ్గర చదివి వినిపించాలి. సాహిత్య విద్యార్థులు వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో గమనించాలి. చీరాలలో ఆ అమ్మాయి నవ్వకపోవడం వల్లనే, వందేళ్ళుగా మనం నవ్వుతూ చదివిన పుస్తకాన్ని నేను మళ్ళీ మొదటినుంచి చదవవలసి వచ్చింది.