జీబీలు పెరిగితే గేమ్ వేగం పెరగదు

"512 జీబీది తీసుకోకు, గేమ్‌లు ల్యాగ్ అవుతాయి. కొంటే 1 టీబీదే కొను." చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పరికరం కొందామనుకునే ప్రతి కుర్రాడికీ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తూనే ఉంటారు. ఇచ్చేవాళ్లలో దురుద్దేశం లేదు, వాళ్లకూ ఇంకెవరో చెప్పి ఉంటారు. అయినా ఈ ఒక్క మాట జనం జేబులకు పెడుతున్న చిల్లు చిన్నది కాదు. జీతంలో నెలనెలా కొంత పక్కన పెట్టి స్టీమ్ డెక్ కొనాలనుకున్నవాళ్లు పై మోడల్ కోసం ఈఎంఐలోకి దిగుతున్నారు. చేతిలో ఉన్న 256 జీబీ మోడల్ నిక్షేపంగా నడుస్తున్నా, అది స్లో అని నమ్మి నష్టానికి అమ్ముకుంటున్నారు.

స్టీమ్ డెక్‌ను వాల్వ్ కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మదు. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో బాబాయో సూట్‌కేసులో పెట్టుకుని తేవాలి, లేదా బయటినుంచి తెప్పించి అమ్మే దుకాణంలో కొనాలి. అక్కడ ఎంఆర్‌పీ అనేది ఉండదు. రెండు మోడళ్ల మధ్య తేడా ఎంత చెబితే అంత. స్టోరేజీ అంటే వేగం అని నమ్మిన మనిషి దొరికితే ఆ తేడా ఎంతవరకు పోతుందో ఊహించుకోవచ్చు.

అసలు ఆ తేడా దేనికో చూద్దాం. 2023 నవంబరులో వచ్చిన స్టీమ్ డెక్ ఓఎల్‌ఈడీ విడుదల ధరలు అమెరికాలో 512 జీబీకి 549 డాలర్లు, 1 టీబీకి 649 డాలర్లు. రెండింటిలోనూ చిప్ ఒకటే. ర్యామ్ 16 జీబీ. 7.4 అంగుళాల, 90 హెర్ట్జ్ తెర ఒకటే, బ్యాటరీ ఒకటే. ఆ 100 డాలర్లకు అదనంగా వచ్చేవి రెట్టింపు స్టోరేజీ, వెలుతురు ప్రతిఫలించకుండా చేసే అద్దం, కాస్త మెరుగైన కేసు. ఒక్క ఫ్రేమ్ కూడా అదనంగా రాదు.

ఎందుకు రాదు? గేమ్ తెరిచినప్పుడు స్టోరేజీలోని బొమ్మలు, మ్యాపులు, శబ్దాలు ర్యామ్‌లోకి వస్తాయి. లోడింగ్ అని తెర మీద తిరుగుతున్నంతసేపూ జరిగేది ఇదే. ఆ తర్వాత ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ కలిసి ర్యామ్‌లో ఉన్నదాన్ని తీసుకుని ఫ్రేములు గీస్తాయి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ గీసే పనిలో స్టోరేజీకి ప్రమేయం లేదు. అటక పెద్దదైనంత మాత్రాన పొయ్యి మీద అన్నం త్వరగా ఉడకదు.

దీనికి లెక్కల కంటే బలమైన రుజువు 2022లోనే వచ్చింది. మొదటి స్టీమ్ డెక్ మూడు రకాలుగా దిగింది: 399 డాలర్లకు 64 జీబీ, 529కి 256, 649కి 512. చిన్నదాంట్లో ఉన్నది ఈఎమ్‌ఎమ్‌సీ, అంటే చౌక ఫోన్లలో వాడే నెమ్మది రకం మెమరీ. మిగతా రెండింటిలో ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ. మెమరీ జాతే వేరైనా, ఒకే గేమును ఒకే సెట్టింగులతో ఆడితే ఫ్రేమ్ రేటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరికరం ఆన్ కావడానికి, గేమ్ లోడ్ కావడానికి పట్టే సమయంలో మాత్రం వచ్చింది. పెద్ద ఎస్‌ఎస్‌డీలో చిప్‌లు ఎక్కువ ఉండటం వల్ల రాసే వేగం కొంత పెరుగుతుందన్న మాట నిజమే. దాని ఫలితం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనిపిస్తుంది, ఆడేటప్పుడు కాదు.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? ఫోన్ల వల్ల. మన దగ్గర ఫోన్ కొనేవాళ్లంతా ఆరు-నూటఇరవై ఎనిమిది, ఎనిమిది-రెండొందల యాభై ఆరు అని జంటగా లెక్కపెట్టడానికి అలవాటు పడ్డారు. ఎక్కువ స్టోరేజీ ఉన్న ఫోన్‌లో ర్యామ్ కూడా చాలాసార్లు ఎక్కువే వస్తుంది కాబట్టి అది నిజంగానే చురుగ్గా ఉంటుంది. ఆ చురుకు ర్యామ్‌ది. పేరు మాత్రం స్టోరేజీకి వచ్చింది. ఇది చాలదన్నట్టు ఫోన్ కంపెనీలు స్టోరేజీలో ఒక ముక్కను వర్చువల్ ర్యామ్ అని పేరుపెట్టి, 8 జీబీ ర్యామ్‌ను పెట్టె మీద 16 అని రాసుకుంటున్నాయి. రెండింటికీ మధ్య ఉన్న గీతను చెరిపేసింది ఇలాంటి ప్రకటనలే. కొనేవాళ్లను తప్పుపట్టలేం.

అయితే కొన్ని బ్రాండ్లలో ఈ ఫోన్ లెక్కే నిజమవుతుంది. 2025 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఎలైలో 512 జీబీ స్టోరేజీ, 16 జీబీ ర్యామ్, జడ్2 ఎ చిప్ ఉన్నాయి. ఎక్స్‌బాక్స్ ఎలై ఎక్స్‌లో 1 టీబీ, 24 జీబీ ర్యామ్, జడ్2 ఎక్స్‌ట్రీమ్ చిప్. రెండోది వేగంగా నడిచే మాట వాస్తవం. ఆ వేగం చిప్‌తో, ర్యామ్‌తో వచ్చింది. టీబీతో కాదు. కాబట్టి పెట్టె మీద ముందు చూడాల్సింది చిప్ పేరు, తర్వాత ర్యామ్. ఆ రెండూ ఒకటే అయితే స్టోరేజీ కోసం ఇచ్చే ప్రతి రూపాయీ జాగా కోసమే.

పుకారుకు రెండో కొమ్మ ఉంది: "మెమరీ కార్డు మీద గేమ్ పెడితే ల్యాగ్ అవుతుంది, పైగా కార్డు వేడికి పరికరం పాడవుతుంది." జనాన్ని పై మోడల్ వైపు నిజంగా తోసేది ఇదే. స్టీమ్ డెక్‌లో ఉన్న యూహెచ్‌ఎస్-1 కార్డు స్లాటు గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. లోపలి ఎస్‌ఎస్‌డీ వేగం దానికి ఎన్నో రెట్లు. ఈ అంకెలు చూసి గేమ్ కూడా అన్ని రెట్లు నెమ్మదిగా తెరుచుకుంటుందని భయపడతారు. అలా జరగదు. గేమ్ ఫైళ్లు కుదించి ఉంటాయి, వాటిని విప్పడం ప్రాసెసర్ పని. లోడింగ్ సమయంలో పెద్ద వాటా ఆ విప్పడానికే పోతుంది. అందుకే చాలా గేముల్లో కార్డుకూ ఎస్‌ఎస్‌డీకీ తేడా కొన్ని సెకన్లలోనే ఉంటుంది. ఆట మొదలయ్యాక ఫ్రేమ్ రేటు దాదాపు ఒకటే.

వేడి సంగతి ఎక్కడినుంచి పుట్టిందో కూడా చెప్పాలి. 2023లో వచ్చిన మొదటి ఆర్‌ఓజీ ఎలైలో వేడి ఎక్కువైతే కార్డు రీడర్ మొరాయించే అవకాశం ఉందని ఆసుస్ కంపెనీయే ఒప్పుకుంది. అది ఆ ఒక్క మోడల్‌లో వచ్చిన ఇబ్బంది. దాన్ని తీసుకెళ్లి అన్ని హ్యాండ్‌హెల్డ్‌లకూ అంటగట్టడం అన్యాయం. మీరు చేతులు మారిన పాతది కొంటుంటే, అది ఆ ఎలై అయితే మాత్రం ఒక కార్డు వెంట తీసుకెళ్లండి. స్లాటులో పెట్టి, ఒక గేమ్ అరగంట ఆడి, అప్పుడు డబ్బులు ఇవ్వండి.

ఈ కార్డు పుకారులో మనసొప్పకపోయినా ఒప్పుకోవాల్సిన నిజం కొంత ఉంది. ఆడుతుండగానే స్టోరేజీ నుంచి నిరంతరం సమాచారం లాగే గేములు కొన్ని ఉన్నాయి. ప్లేస్టేషన్ 5 ఎస్‌ఎస్‌డీని దృష్టిలో పెట్టుకుని తయారైన "రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్" లాంటివి నెమ్మది కార్డు మీద తడబడతాయి. విశాలమైన బహిరంగ ప్రపంచాల గేముల్లో వేగంగా దూసుకెళ్తుంటే అక్కడక్కడా క్షణం పాటు ఆగొచ్చు. నింటెండో స్విచ్ 2 అయితే పాత రకం మైక్రో ఎస్‌డీ కార్డు మీద గేములను అసలే ఒప్పుకోదు. దానికి మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే ఖరీదైన కార్డే కావాలి. పాత స్విచ్ నుంచి తీసిన కార్డు దాంట్లో పెడితే ఫొటోలు, వీడియోలు చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఇవి తెలుసుకుంటే చాలు. బరువైన ఒకటి రెండు గేములు లోపల, మిగతావన్నీ కార్డు మీద ఉంచుకోవచ్చు.

కార్డు గురించి భయపడాల్సిన అసలు విషయం ఒకటుంది, దాని గురించి హెచ్చరించేవాళ్లు తక్కువ. ఐదొందలకు 1 టీబీ, ఏడొందలకు 2 టీబీ అని కనిపించే కార్డులు నకిలీవి. ఏ 32 జీబీ చిప్‌లోనో కంట్రోలర్‌ను మార్చి, "నాలో 1 టీబీ ఉంది" అని అబద్ధం చెప్పిస్తారు. అసలు సామర్థ్యం నిండేదాకా బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత రాసినదంతా గాల్లో కలుస్తుంది, లేదా పాత సమాచారం మీదే పడుతుంది. గేమ్ తెరుచుకోదు, ఫైళ్లు పాడయ్యాయని వస్తుంది. అప్పుడు మనిషి "కార్డు మీద గేములు నడవవని చెప్పారు, నిజమే" అనుకుంటాడు. పుకారు ఇంకో నోటికి చేరుతుంది. ఏ కార్డు కొన్నా గేములు ఎక్కించకముందే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతోనో, లినక్స్‌లో ఎఫ్3తోనో పూర్తిగా నింపి పరీక్షించండి. రెండూ ఉచితమే. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. వాపసు గడువు ముగియకముందే ఆ పని చేయండి.

చిల్లర నమ్మకాలు కొన్ని ఉన్నాయి. 512 జీబీ అని అమ్మి 476 చూపిస్తోంది, మోసం అంటారు. కంపెనీ లెక్క పదుల్లో, విండోస్ లెక్క రెండుల్లో. రెండూ ఒకే జాగా. గేమ్ తీసేస్తే ఆడినదంతా పోతుందంటారు. స్టీమ్ క్లౌడ్ ఉన్న గేములకు పోదు, మీ గేముకు అది ఉందో లేదో స్టోర్ పేజీలోనే రాసి ఉంటుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే సరిపోతుందంటారు. తగిలించవచ్చు, కానీ స్టీమ్ డెక్‌కు ఉన్న ఒక్క టైప్-సీ పోర్టూ దానికే పోతే ఛార్జింగ్ దేనికి పెడతారు? 1 టీబీ కొంటే వాలొరెంట్ ఆడొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దాని యాంటీ చీట్ స్టీమ్ డెక్‌లో ఉండే స్టీమ్ ఓఎస్‌ను ఒప్పుకోదు. ఎన్ని టీబీలున్నా ఆ గేమ్ దాంట్లో తెరుచుకోదు.

"గేములు ఏటేటా పెద్దవవుతున్నాయి, ఇప్పుడే 2 టీబీ తీసుకో" అన్నది వీటన్నిటికంటే తెలివైన మాటలా వినిపిస్తుంది. గేములు పెరిగిన మాట నిజం. కానీ 2025 డిసెంబరులో హెల్‌డైవర్స్ 2 తయారీదారులు కంప్యూటర్‌లో తమ గేమ్ సైజును సుమారు 150 జీబీ నుంచి 23 జీబీకి దించారు. పాత హార్డ్ డిస్కుల కోసం ఒకే సమాచారాన్ని పలుచోట్ల పెట్టడం వల్లే అది అంత ఉబ్బిందని తేలింది. రేపటి గేమ్ సైజును ఊహించి ఈరోజు డబ్బు పోయనక్కర్లేదు.

ఎంత కావాలో తేల్చేవి రెండే: ఏకకాలంలో ఎన్ని గేములు ఆడతారు, ఇంట్లో నెట్ ఎలాంటిది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150 జీబీ కావాలి. బాల్డర్స్ గేట్ 3కి ఇంకో 150. సైబర్‌పంక్ 2077కు 70, ఎల్డెన్ రింగ్‌కు 60. హాలో నైట్‌కు 9, స్టార్‌డ్యూ వ్యాలీకి అర జీబీ. అన్నీ కలిపినా 440 జీబీ దాటవు. కాస్త ఇరుకైనా 512 జీబీ మోడల్‌లో కార్డు లేకుండానే పడతాయి. మొదటి రెండూ పూర్తి చేయడానికే వంద గంటలకు పైగా పడుతుంది. ఉద్యోగం చేసుకునే మనిషికి అది ఎన్ని నెలల ఆటో లెక్క వేసుకోండి.

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే 150 జీబీ గేమ్ మూడున్నర గంటల్లోపే దిగుతుంది. అయిపోయినదాన్ని తీసేసి కావలసినప్పుడు మళ్లీ దించుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్‌లో అదే గేమ్ ఉంటే నెట్ కూడా అక్కర్లేదు. స్టీమ్ 2023 నుంచి ఒకే వైఫై మీద ఒక పరికరం నుంచి ఇంకోదానికి గేమ్ ఫైళ్లు పంపుకోనిస్తోంది. హాస్టల్‌లో ఉండి రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద బతికేవాళ్ల సంగతి వేరు. అదే గేమ్ వాళ్లకు 75 రోజుల డేటా. ఊరెళ్లినప్పుడు దించుకున్నవే వెంట ఉండాలి కాబట్టి వాళ్లకు పెద్ద స్టోరేజీ విలాసం కాదు, అవసరం. పై మోడల్ కొనమని నేను నిస్సంకోచంగా చెప్పేది వాళ్లకే.

64 జీబీ పాత స్టీమ్ డెక్ చౌకగా దొరుకుతోందంటే మాత్రం ఆగి ఆలోచించండి. గేమ్ కార్డు మీద ఉన్నా, షేడర్ క్యాష్ (గ్రాఫిక్స్ కోసం సిద్ధం చేసి దాచుకునే ఫైళ్లు) లాంటివి లోపలే పోగై ఆ కొద్ది జాగానూ తినేస్తాయని దాన్ని వాడినవాళ్లందరికీ తెలుసు. లోపలి మెమరీ తీసి ఎస్‌ఎస్‌డీ వేసుకునే ధైర్యం ఉంటేనే అది లాభసాటి బేరం. స్టీమ్ డెక్‌లో పట్టేది 2230 సైజు ఎస్‌ఎస్‌డీ. లాప్‌టాప్ నుంచి తీసిన పొడవాటి 2280 పట్టదు. "తర్వాత చౌకవుతుంది, అప్పుడు మార్చుకోవచ్చు" అన్న పాత సలహా కూడా 2025 చివరినుంచి చెల్లడం లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీని భారీగా కొనేస్తుండటంతో ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ధరలు పైకి పోయాయి. మార్చాలన్న ఉద్దేశం ఇప్పుడే ఉంటే, ఎస్‌ఎస్‌డీ ధరను పాత డెక్ ధరకు కలిపి చూసి అప్పుడు బేరమాడండి.

"1 టీబీ చేయించాం" అని అమ్మే దుకాణంలో కొంటే, లోపల ఏ కంపెనీ ఎస్‌ఎస్‌డీ వేశారో బిల్లు మీద రాయించుకోండి. అది కంపెనీ నుంచి వచ్చిన 1 టీబీ మోడల్ కాదు, ఆ ధర ఇవ్వక్కర్లేదు. మీరే విప్పి మార్చుకునేటట్టయితే వెనక మూత స్క్రూలకు చేయి వేయకముందే మైక్రో ఎస్‌డీ కార్డు బయటికి తీయండి. అది స్లాటులో ఉండగా మూత లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది, అందులో దించుకున్న గేములన్నీ మళ్లీ మొదటినుంచి దించుకోవాల్సి వస్తుంది.