బ్లాగు, కుర్చీ, కేసు: కొణతం దిలీప్ ప్రయాణంలో మనం చూడాల్సింది

ఇల్లందులో మా వీధి కుర్రాడొకడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో కాంట్రాక్టు కూలీ. భూమి తగాదా మీద వచ్చిన ఒక పోస్టును ఊరి వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేశాడని ఠాణాకు పిలిపించారు. ఏ ఠాణా అన్నది ఇక్కడ రాయను. నోటీసు ఇవ్వలేదు. ఫోను తీసుకుని కాగితం కూడా రాయలేదు. పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపించారు. కేసు పెట్టలేదు, కానీ ఫోను తిరిగి రావడానికి నెల పట్టింది. వాడిప్పుడు గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా పెట్టడం లేదు.

మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు వాడు అడిగాడు: "అన్నా, పెద్దోళ్ల మీద గూడ ఇట్లనే పెడతరా?" పెడతారని చెప్పి కొణతం దిలీప్ సంగతి మొదలుపెట్టాను.

తెలంగాణ ఉద్యమ కాలంలో తెలుగు బ్లాగులు చదివినవాళ్లకు ఆ పేరు తెలుసు. అప్పట్లో ఇంటర్నెట్‌లో తెలుగు రాసేవాళ్లు తక్కువ. వాళ్లలోనూ ఎక్కువమంది సొంత కంప్యూటరున్న ఇంజినీర్లు, అమెరికాలో ఉన్నవాళ్లు. వాడల నుంచి, గూడేల నుంచి వచ్చి రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలంగాణ వాదానికి పెద్ద పత్రికల్లో చోటు దొరకని ఆ రోజుల్లో దిలీప్ బ్లాగు రాశారు. తర్వాత 'మిషన్ తెలంగాణ' వెబ్‌సైట్ నడిపినవారిలో ఒకరయ్యారు. జాన్ పెర్కిన్స్ పుస్తకాన్ని 'ఒక దళారీ పశ్చాత్తాపం' పేరుతో తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ప్రభుత్వాన్ని, దాని లెక్కలను, దాని కథనాలను బయటి నుంచి ప్రశ్నించడమే ఆ దశలో ఆయన పని.

2014లో రాష్ట్రం వచ్చింది. ఆయన ఐటీ శాఖలో డిజిటల్ మీడియా డైరెక్టర్ అయ్యారు. ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో చూసే కుర్చీ అది. 2020లో కరోనా రోజుల్లో ఆ శాఖ ఒక ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైట్ కూడా పెట్టింది. పుకార్లు జనాన్ని చంపుతున్న కాలం కాబట్టి దాని అవసరాన్ని కాదనలేం. కానీ ఏది నిజమో ప్రభుత్వమే తేల్చడం మొదలుపెడితే, ప్రభుత్వం మీదే ఫిర్యాదు ఉన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి? కేంద్రం 2023లో ఐటీ నిబంధనలు సవరించి, తన వ్యవహారాల మీద వచ్చే సమాచారం నిజమో కాదో తేల్చే అధికారం తన యూనిట్‌కే ఇచ్చుకుంది. 2024 సెప్టెంబరు 20న బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

దిలీప్ రాజకీయాలతో నాకు పేచీ ఉంది. ఆయన పనిచేసిన ప్రభుత్వం దళితులకిచ్చిన మూడెకరాల హామీని నడిమధ్యలో వదిలేసింది. 2017లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌ను మూయించింది. ఆ పేచీ అలాగే ఉంచుకుని మిగతాది చెప్తాను.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 మేలో ఆర్టీసీ కొత్త లోగో పేరుతో తిరిగిన బొమ్మ విషయంలో ఆయన మీద కేసు పెట్టారు. సెప్టెంబరు 5న జైనూరు పోస్టుల పేరుతో పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. నవంబరులో మళ్లీ అరెస్టు చేశారు. ఆ పోస్టులు మత ఉద్రిక్తత పెంచేలా ఉన్నాయన్నది పోలీసుల ఆరోపణ. ఇది కక్షసాధింపు అన్నది ఆయన పార్టీ వాదన.

జైనూరు దగ్గర కాస్త ఆగాలి. ఆగస్టు 31న అక్కడ ఒక ఆదివాసీ మహిళ మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఆదివాసీల నిరసన మత ఘర్షణగా మారి దుకాణాలు తగలబడ్డాయి. ఆంక్షలు పెట్టి ఇంటర్నెట్ ఆపేశారు. దాంతో ఆమె బంధువులూ, కాలిపోయిన దుకాణాలవాళ్లూ తమ మాట బయటికి చెప్పుకునే దారి లేకుండా పోయింది. జైనూరు గురించి హైదరాబాదులో ఎవరు ఏం రాశారన్న గొడవే వార్తల్లో మిగిలింది. ఇంటర్నెట్ ఆపాలంటే హోం శాఖ కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వును ప్రజల ముందు పెట్టాలని 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఏజెన్సీలో సిగ్నల్ పోతే మాత్రం టవర్ చెడిపోయిందో, ఎవరైనా ఆపారో అడిగే అలవాటు మనకు లేదు.

ఇది ఒక్క పార్టీ బుద్ధి అనుకోవద్దు. 2017లో తెలుగుదేశం ప్రభుత్వం ఫేస్‌బుక్ కార్టూన్ల మీద ఇంటూరి రవికిరణ్‌ను అరెస్టు చేసింది. 2020లో వైసీపీ హయాంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకుపై పోస్టు పెట్టినందుకు గుంటూరులో రంగనాయకమ్మ అనే పెద్దావిడకు సీఐడీ నోటీసిచ్చింది. 2022 డిసెంబరులో, దిలీప్ ఇంకా ఆ కుర్చీలో ఉండగానే, ముఖ్యమంత్రి మీద పోస్టులు పెట్టారంటూ హైదరాబాదులో కాంగ్రెస్ వ్యూహకర్త సునీల్ కనుగోలు ఆఫీసు మీద సైబర్ క్రైమ్ పోలీసులు దాడి చేశారు. ఈ మూడు ప్రభుత్వాలూ పోయాయి, పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు.

దిలీప్‌కు పార్టీ ఉంది, లాయర్లున్నారు, అరెస్టయిన గంటలో టీవీల్లో స్క్రోలింగు వస్తుంది. మా వీధి కుర్రాడికి అవేవీ లేవు. పోస్టు గొడవ ఎలా మొదలైనా చివరికి శిక్ష ఎవరి మీద పడుతుందో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చూశాం. 2015 ఆగస్టులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ విద్యార్థులను గూండాలంటూ ఫేస్‌బుక్‌లో రాసింది అవతలి సంఘం నాయకుడు. హాస్టల్ నుంచి బయటికి నెట్టింది మాత్రం రోహిత్ వేములనూ మరో నలుగురు దళిత విద్యార్థులనూ.

చట్టంలో ఉన్నదానికీ ఠాణాలో జరిగేదానికీ ఇక్కడ తలకిందుల తేడా ఉంది. పోస్టుల మీద సాధారణంగా పెట్టేవి భారతీయ న్యాయ సంహిత 196, 353 సెక్షన్లు. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేసే వీలు నాగరిక్ సురక్షా సంహిత 173(3)లో ఉంది. మాట మీద, రాత మీద పెట్టే కేసుల్లో ఆ వీలును వాడుకోవడమే మంచిదని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు అంది. అదే సంవత్సరం సెప్టెంబరు 10న నల్ల బాలు కేసులో తెలంగాణ హైకోర్టు మూడు ఎఫ్ఐఆర్‌లు కొట్టేసి పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది: ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి, రాజకీయ విమర్శ ఘాటుగా ఉన్నంత మాత్రాన కేసు కట్టకూడదు, పరువు నష్టమైతే నేరుగా ఎఫ్ఐఆర్ వేయకూడదు.

మరోవైపు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 18ఏ ఉంది. దాని కింద ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కులం పేరుతో తిట్టడం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. తిట్టు కులాన్ని బట్టి పడినదై ఉండాలని, దళితుడిని తిట్టిన ప్రతి తిట్టూ ఈ నేరం కాదని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో గీత గీసింది. అంటే స్క్రీన్‌షాట్‌లో కులం మాట, తేదీ, ఖాతా పేరు కనబడాలి. ఠాణాలో మనకు ఎదురయ్యేది వేరు. మనం కులదూషణ ఫిర్యాదు పట్టుకుపోతే "విచారించి చూస్తాం" అంటారు. మన పోస్టు మీద ఎవరో ఫోన్ చేస్తే అదే సాయంత్రం జీపు వస్తుంది.

ఆ కుర్రాడికి నేను నోటుబుక్కులో రాసిచ్చినవి ఇవి. పిలిస్తే 35(3) కింద రాతపూర్వక నోటీసు అడుగు. ఇదివరకటి 41ఏ ఇదే. ఫోను తీసుకుంటే స్వాధీన పత్రం అడుగు. సోదా, స్వాధీనం వీడియో తీయాలని 105వ సెక్షన్ చెప్తోంది. ఎఫ్ఐఆర్ కట్టారంటే, సున్నితమైన కేసు కానంతవరకు, 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఐటీ చట్టం 66ఏ పేరెత్తితే, అది 2015 మార్చి 24నే పోయిందని చెప్పు.

వాడు అంతా చదివి, నోటుబుక్కు మూసి అడిగాడు: "ఇవన్నీ నేనడిగితే కొట్టరా అన్నా?" ఒక్కడివే పోకు, సంఘం వాళ్లనో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్నో వెంట తీసుకుపో అన్నాను. ఆ లాయరు ఫోన్ నంబరు కోసం మరునాడు ఇద్దరం కొత్తగూడెం బస్సెక్కాం.