చిప్పు ఒళ్లు కాలుతోందా?

ఒకప్పుడు కంప్యూటర్ మెకానిక్కుకు చూపుడు వేలే థర్మామీటర్. క్యాబినెట్ తెరిచి ప్రాసెసర్ మీద వేలు ఆనించేవాడు. చురుక్కుమంటే వేడెక్కినట్టు, లేకపోతే లేనట్టు. 1978లో పుట్టిన ఇంటెల్ 8086 ప్రాసెసర్‌కి ఆ పరీక్షతో కూడా పనిలేదు. నెత్తిన ఫ్యాన్ మాట అటుంచి, రేకుముక్కయినా లేకుండా బతికేసింది. 486ల నాటికి అల్యూమినియం రెక్కలు, అంటే హీట్‌సింక్, మొలిచాయి. 1993లో పెంటియం వచ్చాక ఫ్యాన్ మామూలైపోయింది.

వేలి పని చివరికి డయోడ్ చేతికొచ్చింది. సిలికాన్ డయోడ్‌లో కరెంటును స్థిరంగా ఉంచితే, వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా దాని వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. సర్క్యూట్లు గీసేవాళ్లను విసిగించే గుణమిది. దాన్నే పనికి పెట్టి, చిప్పు లోపలే ఒక డయోడ్‌ను కొలతకోసం కేటాయించారు.

అయితే జ్వరం చూసుకోవడం వేరు, చూసి పనిలో నెమ్మదించడం వేరు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు ఓ క్రూరమైన ప్రయోగం చేశారు. గేమ్ నడుస్తుండగానే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ పీకేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని కుంటుతూ నడిచింది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగ కక్కి చచ్చింది. ఆ పొగ చూశాక కొనేవాళ్లకు చిప్పు లోపలి కాపలా సంగతి బాగా తలకెక్కింది.

ఇక తెరమీది అంకె సంగతి. అది మనం అనుకునేంత అమాయకమైనది కాదు. ఇంటెల్ కోర్ తరం నుంచి సెన్సర్ చెప్పేది 'గరిష్ఠ హద్దుకు ఇంకా ఇంత దూరంలో ఉన్నాను' అని మాత్రమే. హద్దులోంచి ఆ దూరాన్ని తీసేసి మనకు డిగ్రీలు చూపించేది సాఫ్ట్‌వేర్. హద్దు 100 అని ఒక ప్రోగ్రామ్, 85 అని మరొకటి అనుకుంటే, ఒకే చిప్పుకు 15 డిగ్రీల తేడాతో రెండు జ్వరాలు! 2017లో రైజెన్ 7 1800ఎక్స్ కొన్నవాళ్లయితే అంకె చూసి హడలిపోయారు. వేర్వేరు మోడళ్లలో ఫ్యాన్లు ఒకే తీరులో తిరగాలని, అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేలా ఏఎండీయే దాన్ని తయారు చేసింది.

అందుకే నేను అంకెకన్నా అది ఎక్కే తీరును నమ్ముతాను. రాత్రంతా ఆపి ఉంచిన యంత్రాన్ని పొద్దున్నే వేసి చూడండి. గది వేడికన్నా తక్కువ చూపిస్తే కొలతే తప్పు. మామూలు ఫ్యాన్ ఏ చిప్పునూ గదికన్నా చల్లబరచలేదు. బరువైన పని అప్పగించగానే రెండు మూడు సెకన్లలో 95కి ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా దిగిపోతే, చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పొత్తు కుదరలేదన్నమాట. మధ్యలో వేడిని దాటించే పేస్ట్ ఎండి ఉండవచ్చు, అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయి ఉండవచ్చు. ఇంటెల్ కూలర్లకు ఉండే నాలుగు ప్లాస్టిక్ మేకుల్లో ఒకటి బోర్డు రంధ్రంలో దిగకుండా తేలి ఉండటం మరీ మామూలు. వాటిని ఎదురెదురు మూలలుగా, టక్కుమనేదాకా నొక్కాలి. (కొత్త చిప్పుల్లో కొన్ని నిండు పనిలో 95 దాకా వెళ్లేలా తయారైనవే, వాటిని అనుమానించకండి.)

పావుగంటసేపు మెల్లమెల్లగా ఎక్కితే మాత్రం లోపం గాలిది. ఇక్కడ ఋతువు కూడా లెక్కలోకొస్తుంది. జనవరిలో గది 25 ఉన్నప్పుడు 65 చూపిన యంత్రం, రామగుండం మే నెలలో గది 40కి చేరితే సుమారు 80 చూపడం రోగం కాదు. అంతకు మించి పెరిగితే కరెంటు తీసేసి ఫ్యాన్ విప్పండి. పైకి అది గిర్రున తిరుగుతూనే కనిపిస్తుంది. దాని కింద, అల్యూమినియం రెక్కల సందుల్లో, దుమ్ము దూదిపరుపులా మందంగా పరుచుకుని ఉంటుంది.