అమ్మమ్మను వ్రాయుట, మనుమరాండ్రకు వ్రాయుట

యుంగ్ చాంగ్ 1991లో ఆంగ్లమున ప్రకటించిన 'వైల్డ్ స్వాన్స్'ను చైనా చరిత్రగా చదువువారే యెక్కువ. కాని అది మొదట ఇంటి ఆడవారి మాట. 1988లో తల్లి లండనుకు వచ్చి, తన బ్రతుకును, తన తల్లి బ్రతుకును కూతురికి చెప్పినది. 60 గంటల టేపులు మిగిలినవి. అమ్మమ్మకు రెండేండ్ల ప్రాయమున పాదములు బిగించి కట్టినారు. 15వ యేట ఒక సేనాపతికి ఉంపుడుకత్తెగా ఇచ్చినారు. ఆమె కూతురు కమ్యూనిస్టయి, కమ్యూనిస్టునే పెండ్లాడినది. గర్భవతియైన ఆ భార్యను దూరప్రయాణమున తన కారులో ఎక్కించుకొనుటకు భర్త ఒప్పుకొనలేదు. పార్టీ నియమము అట్టిది. గర్భము నిలువలేదు. ఆ తండ్రిని రచయిత్రి దూషింపదు, దాచిపెట్టదు. ఆయన నిజాయితీకిని అదే గ్రంథమున చోటిచ్చినది. ఈ సంయమమే, నా దృష్టిలో, దానికి ప్రాణము.

మనకిట్టిది లేదా? రాయపూరునుండి రైలులో ఒక రాత్రి దూరమున, విశాఖపట్టణమున, 2018లో నూరేండ్లు నిండి కన్నుమూసిన కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012) కలదు. బాల్యవైధవ్యము, పునర్వివాహము, అజ్ఞాతవాసము, భర్త ఎడబాటు. పిదప హైదరాబాదున ఆంధ్ర మహిళాసభలో చదువు, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున ఉద్యోగము. చాంగ్ వెనుకకు తిరిగి అమ్మమ్మను కనుగొన్నది. కోటేశ్వరమ్మకు వెనుక తల్లి అండ. ముందు చూచినచో కొడుకు లేడు, కూతురు లేదు, మనుమరాండ్రు మాత్రమున్నారు. ఆమె వద్ద టేపులు లేవు, అడిగి వ్రాసికొను కూతురును లేదు. తొంబదియేండ్లు దాటిన జ్ఞాపకమే సాక్ష్యము. అందుచేతనే కాబోలు, ఆ వాక్యములు అంత పొట్టివి.

'నిర్జన వారధి' 2015లో ఆంగ్లమునకు చేరినది. 'వైల్డ్ స్వాన్స్'ను చైనాలో ప్రచురింపనీయలేదు.